దేవరమెట్ట పొడిబట్ట

భాద్రపద మాసపు ఎండలో దేవరమెట్ట దుర్గపు బురుజు మీద నిలబడి చూసినవాడికి ఆ రాజ్యపు స్థితి అంతా ఒక్క చూపులో అర్థమయ్యేది. పడమటి దిక్కున, ఏటేటా పత్తి తెల్లగా పగిలే మైదానమంతా గజపురాధీశుడు సింగభూపతి గుడారాలతో, ఏనుగుల గొలుసుల చప్పుడుతో, వేల పొయ్యిల పొగతో నిండిపోయి ఉండగా, తూర్పున కొండ పాదాన్ని కడుగుతూ సముద్రమూ, ఆ ఒడ్డున నావలపాలెం రేవూ, అలలు విరిగే చోటికి అవతల లంగరు దించిన శంఖద్వీపపు బియ్యం ఓడలూ కనిపించేవి. పడమటి నుండి చావు, తూర్పు నుండి తిండి వస్తూండగా నడుమ ఆ నగరం బతుకుతూ ఉండేది.

శంఖద్వీపానికీ దేవరమెట్టకూ వర్తకం తాతల నాటిది. ఇక్కడి నేతబట్ట లేనిదే ఆ దీవిలో పెళ్లి జరగదు. అక్కడి బియ్యం లేనిదే, ముట్టడి మొదలైన నాటి నుండి, ఇక్కడ పొయ్యి వెలగదు. సింగభూపతికి ఓడలు లేవు గనుక ఆ ఒక్క దారి తెరిచి ఉంది. దాన్ని మూయగలవాడు శంఖద్వీపపు రాజు ఒక్కడే.

అటువంటి వేళ ఆ ఓడల్లో ఒకటి రేవుకు ఇంకా దూరంలో ఉండగానే, కొందరు మనుషులు దాని నుండి సముద్రంలోకి దూకి, ఒక పగలంతా ఈది, నావలపాలెం ఒడ్డుకు కొట్టుకొచ్చారు. వారు ముత్యపు చిప్పల కోసం సముద్రగర్భానికి మునిగేవారు. ఆ దీవిలో వారిని మునకవాళ్లు అంటారు. అక్కడ వారు మనుషుల లెక్కలో లేరు. పశువులకు వలె వారి భుజాల మీద శంఖం గుర్తు కాల్చి ఉంటుంది. మునిగి పైకి వచ్చినవాడి చేతిలో చిప్ప లేకపోతే పడవ అంచు పట్టుకోనివ్వరు, మళ్లీ మునగమంటారు. పారిపోకుండా వారి పిల్లలను కోటలో పెట్టుకుంటారు. వచ్చినవారిలో పెద్దదిక్కుగా నిలిచిన అలమి అనే స్త్రీ భర్త అలా మునిగి, మునిగి, ఒకనాడు తేలలేదు. ఆమె కూతురు ఇంకా ఆ కోటలోనే ఉంది. తమను దూరపు దీవులకు అమ్మడానికి తరలిస్తున్నారని తెలిసి, ఇక కూతుర్ని చూసే దారి ఎలాగూ లేదని తేల్చుకుని దూకింది.

నావలపాలెంలో ఒక ఆచారం ఉంది. ఆ రేవులో అలల ఉధృతికి తడవకుండా ఒడ్డెక్కినవాడు లేడు. సముద్రం నుండి తడిసి వచ్చినవాడికి, వాడు కోటీశ్వరుడైన నావికుడైనా ఓడ పగిలిన బిచ్చగాడైనా, పల్లెకారుల ఆడవాళ్లు ఒక పొడిబట్ట ఇస్తారు. ఆ బట్ట భుజాన ఉన్నంతకాలం వాడి ప్రాణం ఆ రాజ్యం పూచీ. ఇచ్చిన చెయ్యే దాన్ని తిరిగి తీసుకోవాలి తప్ప, రాజుకైనా దాన్ని లాగే అధికారం లేదు. ఈ నమ్మకం మీదనే ఏడు సముద్రాల వర్తకులు ఆ రేవుకు అలవాటు పడ్డారు. ఎండుచేపలు అమ్మే పోలక్క, పల్లెకారుల పెద్దమ్మ, అలమికీ ఆమె మనుషులకూ తన చేత్తోనే బట్టలు ఇచ్చింది.

మరునాడు శంఖద్వీప రాయబారి నాగదత్తుడు పడవ దిగబోతూ అల తిరగబడి నిలువునా తడిశాడు. పట్టుపంచె ఒంటికి అతుక్కుపోయి, తలపాగా సముద్రం పాలైంది. పోలక్క నవ్వు ఆపుకుని బట్ట అందించింది.

"ఇంద నాయనా, కప్పుకో. సముద్రానికి పెద్దా చిన్నా తెలీదు. ఊళ్లో ఉన్నన్నాళ్లు భుజం మీంచి తియ్యబోకు, నిన్నెవరూ పల్లెత్తు మాట అనరు."

ఆకలితో కళ్లు గుంటలు పడిన జనం తన లావుపాటి ఒంటిని చూస్తున్న తీరు గమనించి, నాగదత్తుడు మారు మాట లేకుండా ఆ ముతకబట్ట భుజాన వేసుకుని రాజసభకు నడిచాడు.

దేవరమెట్టను ఏలుతున్న ఎరమరాజు మంచివాడు, అయితే తెగించి ఒక మాట చెప్పడానికి జంకేవాడు. ఆయనకు కుడిపక్కన మంత్రి కొమ్మన ప్రెగ్గడ, ఎడమపక్కన దళవాయి అన్నెమ నాయుడు కూర్చుని ఉన్నారు. ప్రెగ్గడ మాట నేర్పరి. నాయుడు ముట్టడి మొదలైనప్పటి నుండి సైనికుడు తాగే అంబలి కంటే ఒక్క గరిటె ఎక్కువ ముట్టనివాడు.

నాగదత్తుడు చేతులు జోడించి ఇలా అన్నాడు. "మహారాజా, మా ప్రభువుల సొత్తు మీ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తిరిగి ఇప్పించండి. మీ బట్ట మాకు కావాలి, మా బియ్యం మీకు కావాలి. ఇది వర్తకం. మా దీవిలో ఎవరిని ఎలా ఉంచుకుంటామన్నది మా ఇంటి సంగతి. మీ ఇంట్లో మేము వేలు పెట్టలేదు, మా ఇంట్లో మీరు వేలు పెట్టవద్దు. మునకవాళ్లు ఓడ ఎక్కిన మరుక్షణం బియ్యం దిగుతుంది. వారు ఎక్కకపోతే మా ఓడలు ఇక్కడే ఉంటాయి, బియ్యం దిగదు, మరొకరి బియ్యం రానివ్వవు."

కొమ్మన ప్రెగ్గడ లేచాడు. "దేవరా, రాయబారి మాట కటువే, కాదనను. కానీ నిన్న సాలెవీధిలో ఒక తల్లి పిల్లవాడికి కలి నీళ్లు పట్టడం నేను కళ్లారా చూశాను. ఆ పిల్లవాడు మన ప్రజ. మునకవాళ్లు పరాయి రాజు మనుషులు. పరాయివాళ్ల మీద జాలితో మన బిడ్డలను పస్తు పెట్టే అధికారం మనకెవరిచ్చారు? బట్ట ఇచ్చింది చేపలమ్మే ముసలిది, దేవరవారు కాదు. ఆమె మాటకు సింహాసనం కట్టుబడనక్కరలేదు."

ఆ మాటలో కొంత నిజం ఉంది. అబద్ధానికి బలం ఎప్పుడూ అందులో కలిసిన నిజం వల్లనే వస్తుంది.

అన్నెమ నాయుడు కూర్చున్న చోటు నుండే అడిగాడు. "ప్రెగ్గడ గారూ, ఈ రోజు బియ్యం కోసం ఓడవాడికి మనుషులను ఇస్తాం. రేపు సింగభూపతి వచ్చి, సాలెవీధిలో సగం మందిని ఇవ్వండి, ముట్టడి ఎత్తేస్తాను అంటాడు. అప్పుడు ఏ అర్ధం ఇవ్వాలో తమరు నిర్ణయిస్తారా?"

"నాయుడుగారు యుద్ధం చేసేవారు, వారికి ప్రాణాలు తృణప్రాయం."

"నా ప్రాణం తృణమే. అందుకే ఎదుటివాడి ప్రాణం ధర కట్టడం నాకు రాదు."

ఎరమరాజు తలవంచుకుని ఆలోచించి, "రేపు ఉదయం చెబుతాను" అని లేచాడు.

రేపటి దాకా ఆగడం ప్రెగ్గడకు ఇష్టం లేకపోయింది. రాజు మెత్తనివాడనీ, రాత్రంతా ఆలోచిస్తే నాయుడి మాటకే మొగ్గుతాడనీ అతడికి తెలుసు. పని జరిగిపోతే రాజు కోపగించుకున్నా, బియ్యం చూసి సమాధానపడతాడని లెక్క వేశాడు. ఆ మధ్యాహ్నమే తన భటులను పల్లెకారుల వాడకు పంపి, "రేవు దగ్గర అంబలి పోస్తున్నారు రండి" అని మునకవాళ్లను పిలిపించాడు. ఆకలి మీద ఉన్నవాడికి అంబలి అంటే అనుమానం రాదు. వారు వెళ్లారు. అక్కడ కుండలు లేవు. పడవలు ఉన్నాయి.

పోలక్క అది చూసి కొండ ఎక్కి, పడమటి గోడ పగుళ్లకు మన్ను పెట్టిస్తున్న అన్నెమ నాయుడి ముందు ఆయాసపడుతూ నిలబడింది.

"దళవాయి దొరా, మీరిక్కడ ముందు గోడకి మన్ను మెత్తుతున్నారు. అక్కడ పెరటి గుమ్మం తీసి ఇంట్లో మనుషుల్ని తోలుకుపోతున్నారు."

"ఎవరు?"

"ఇంకెవరు, తెల్లబట్ట మాయనివాడే. మీ ప్రెగ్గడ."

నాయుడు చేతి మట్టి కడుక్కోకుండానే గుర్రమెక్కాడు. వెళుతూ రాజుకు కబురు పంపాడు.

ఆయన రేవు చేరేసరికి మునకవాళ్లను మోకాలిలోతు నీళ్లలోకి దింపారు. అలమి మాత్రం పడవ తాడు చేతికి చుట్టుకుని ఇసుకలో కూర్చుని ఉంది. ఇద్దరు భటులు లాగుతున్నా లేవడం లేదు. చుట్టూ నగరంలోని ఆకలి జనం మూగి ఉన్నారు. కొందరు మునకవాళ్ల వైపు, కొందరు ఓడల వైపు చూస్తున్నారు. ఎవరి మనసు ఎటు ఉందో వారికే తెలియదు.

"వదలండి" అన్నాడు నాయుడు. భటులు వదిలారు.

"ఇది రాజ్యరక్షణ" అన్నాడు ప్రెగ్గడ.

"రాజు చెప్పారా?"

అప్పటికే ఎరమరాజు పల్లకీ కూడా లేకుండా, నడిచి ఒడ్డుకు వచ్చాడు. ఆయన వెనుక తప్పెట లేదు, గొడుగు లేదు. జనం దారి ఇచ్చారు. ఆయన నేరుగా పోలక్క దగ్గర ఆగాడు.

"అమ్మా, ఈ బట్టలు ఇచ్చింది నువ్వేనా?"

"నేనే దేవరా."

"నువ్వు తిరిగి తీసుకుంటే నా మీద భారం ఉండదు. బియ్యం దిగకపోతే నీ మనవలు కూడా పస్తుంటారు. తీసుకుంటావా?"

పోలక్క మనవలు అక్కడే, ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని ఉన్నారు. "దేవరా, నా మొగుడు, నా ఇద్దరు కొడుకులు వేటకెళ్లి ఏదో ఒక ఒడ్డున తేలి ఉంటారు. అక్కడెవరో ఒక ఆడది ఒక బట్ట ఇచ్చి ఉంటుందని అనుకుంటే నాకు నిద్ర పడుతుంది. నేను తీసుకోను. మీరు లాక్కోవాలంటే లాక్కోండి, రాజులు కదా."

నాగదత్తుడు అసహనంగా, "ముసలిదాని ముతకగుడ్డకు రెండు రాజ్యాల వర్తకం తాకట్టు పెడతారా?" అన్నాడు.

అన్నెమ నాయుడు అప్పుడు రాయబారి వైపు తిరిగాడు. "అయ్యా, ఆ ముతకగుడ్డ తమ భుజం మీద కూడా ఉంది. పొద్దుటి నుండి తీయలేదు. ఈ జనం మూడుపూటలుగా ఏమీ తినలేదు. బియ్యం ఆపినవాడు తమరేనని వారికి తెలుసు. అయినా తమ మీద ఒక్క రాయి పడలేదు. ఎందుకు పడలేదో తమకు తెలుసు గనుకనే తీయలేదు. ఆ గుడ్డకు విలువ లేదంటే ముందు తమది తీసి ఇసుకలో వేసి, ఇక్కడి నుండి పడవ దాకా నడవండి. నడిస్తే, ఈ మునకవాళ్లను నేనే మీ పడవ ఎక్కిస్తాను."

నాగదత్తుడు జనాన్ని చూశాడు. అతడి చేయి భుజం దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. ఆ చేయి కిందికి దిగినప్పుడు బట్ట ఇంకా భుజం మీదనే ఉంది.

జనంలో ఎవరో ఒక ముసలి సాలె, "ఫరవాలేదు అయ్యవారూ, ఉంచుకోండి. మా మగ్గం మీద నేసిందే" అన్నాడు. ఆకలి మధ్య నుంచి సన్నగా ఒక నవ్వు లేచింది.

ఎరమరాజు జీవితంలో మొదటిసారి ఎవరినీ సలహా అడగకుండా మాట్లాడాడు. "రాయబారీ, మీ ఇంటి సంగతి మీదే అన్నారు. మీ ఇంట్లో కొట్టిన దెబ్బకు కేక మా గుమ్మంలో వినిపించింది. విననట్లు నటించి బియ్యం కొలిపించుకోవడం మాకు చేతకాదు. మీ తాతలు మా రేవుకు వచ్చింది బట్ట కొనడానికే కాదు, ఇక్కడ దిగినవాడి ప్రాణానికి భయం లేదని. ఆ మాట పోతే మా రేవు ఉత్త ఇసుక. మునకవాళ్లు ఇక్కడే ఉంటారు. మీరు క్షేమంగా వెళ్లండి. మా జనం మిమ్మల్ని ముట్టుకోరు."

ముట్టుకోలేదు. జనం రెండుగా చీలి, మాట లేకుండా దారి ఇచ్చారు. నాగదత్తుడి పడవ అలలు దాటింది. బియ్యం దిగలేదు.

కొమ్మన ప్రెగ్గడ చేతి ముద్రికను రాజు తీసుకున్నాడు, కానీ కారాగారంలో వేయలేదు. నగరపు అంబలి కుండ దగ్గర గరిటె పట్టుకుని నిలబడి, చివరివాడు తాగిన తర్వాతే తాను తాగాలని శాసించాడు. శిక్షలలో ఇంతకంటే న్యాయమైనది నేను వినలేదు. మొదటి వారం అతడు తలెత్తలేదు. రెండో వారంలో ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో అతడికి నోటికి వచ్చింది. సాలెవీధి పిల్లవాడికి తన వంతులో సగం పోయడం చూసినవారు ఉన్నారు.

అంబలి రోజురోజుకూ పలచబడింది. అప్పుడు అలమి దళవాయి దగ్గరకు వచ్చింది. బట్టల వర్తకుల దగ్గర నేర్చిన వచ్చీరాని తెలుగులో, "దొరా, రేవుకు అడ్డంగా ఆ రాతిదిబ్బ ఉందే. దాని అడుగున చిప్పలు నిండా ఉన్నాయి. ముత్యాలు లేవు. మాంసం ఉంది" అన్నది.

"మా ఊళ్లో చిప్పమాంసం చాలామంది ముట్టరు" అన్నాడు నాయుడు.

"గోడలకు మన్ను మెత్తుతున్నారు కదా, అది తింటారా?"

నాయుడు నవ్వాడు. తర్వాత గంభీరంగా, "నిన్ను మునగమని నేను చెప్పను. ఆ పని నుండి పారిపోయి వచ్చినవాళ్లు మీరు" అన్నాడు.

"ఎవరూ చెప్పకుండా ఎప్పుడూ మునగలేదు. ఎలా ఉంటుందో చూస్తాను" అన్నది అలమి.

అలా చిప్పమాంసం నగరంలోకి వచ్చింది. మొదట పల్లెకారులు, తర్వాత సైనికులు, చివరకు మడికట్టుకున్నవారి పెరళ్లలో కూడా చాటుగా ఉడికింది. చాటుతనం నాలుగు రోజులే ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆచారాలలో ఏది పైపూతో ఏది ఎముకో తేలిపోతుంది. చిప్పమాంసం ముట్టకూడదన్నది రాలిపోయింది. బట్ట పొందినవాడిని విడవకూడదన్నది నిలిచింది.

ఓడ మీద నుండి నాగదత్తుడు అది చూశాడు. తన ప్రభువు సొత్తు తన కళ్లెదుటే మునుగుతూ, అతడు ఆకలితో లొంగదీయాలనుకున్న నగరానికి తిండి పెడుతూ ఉంది. అతడు విలుకాళ్లను చిన్న పడవల్లో ఎక్కించి దిబ్బ వైపు తోలాడు.

ఆ ఉదయం దిబ్బ దగ్గర కావలికి అన్నెమ నాయుడే వచ్చి ఉన్నాడు. ఉన్న డాళ్లన్నీ రెండు వేటపడవల అంచుకు కట్టించి, వాటిని దిబ్బకూ శత్రువుకూ నడుమ గోడలా నిలిపాడు. మునకవాళ్లు సగం మంది నీటి అడుగున ఉన్నారు. వారికి పైన జరిగేది తెలియదు. బాణాలు వచ్చి పడుతూండగా పడవ నడిపే పల్లెకారుడు, "దొరా, తెడ్డు వేయమంటారా? ఇప్పుడైతే ఒడ్డు చేరతాం" అన్నాడు.

"కిందివాళ్లు?"

పల్లెకారుడు ఎత్తిన తెడ్డు దించాడు.

"చివరి మనిషి ఎక్కేదాకా పడవ కదలదు" అన్నాడు నాయుడు. ఆ మాట అంటూ లేచి నిలబడ్డాడు. డాళ్ల వరుసలో ఒక ఖాళీ ఉంది. పైకి తేలినవారిని లోపలికి లాగడానికి వదిలిన చోటు అది. తన డాలుతో, ఆ తర్వాత తన దేహంతో ఆయన ఆ ఖాళీని మూశాడు. ఒక్కొక్కరే తేలి, ఆయన కాళ్ల పక్కనుండి పడవలోకి పాకారు. మొదటి బాణం భుజంలో దిగినప్పుడు ఆయన కదల్లేదు. రెండోది డొక్కలో దిగినప్పుడు పడవ కొయ్య పట్టుకున్నాడు. అందరికంటే లోతుకు వెళ్లిన అలమి చివరగా తేలింది. ఆయన వంగి ఆమె చేయి పట్టుకుని లాగాడు. ఆ లాగడంలోనే మూడోది వీపులో దిగింది.

"అందరూ వచ్చారా?" అని అడిగాడు.

"వచ్చాం" అన్నది అలమి.

"తెడ్డు వేయండి" అన్నాడు. అదే ఆయన ఆఖరి ఆజ్ఞ. పడవ ఒడ్డు తగిలే లోపలే ప్రాణం పోయింది.

నగరం ఏడ్చింది, కానీ వంగలేదు. మరునాడు దిబ్బ మీదికి నిన్నటికంటే ఎక్కువ పడవలు వెళ్లాయి. డాళ్ల వరుసలో నాయుడు నిలబడిన చోట సైనికులు వంతులకు పోటీపడి నిలబడ్డారు. అంబలి గరిటె మరొకరికి అప్పగించి, ఒక పూట కొమ్మన ప్రెగ్గడ కూడా అక్కడ నిలబడ్డాడు. అతడిని ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు.

స్వాతి కార్తెలో ఆకాశం నల్లబడింది. గాలివానకు శంఖద్వీపపు ఓడలు లంగరు తీసి బయటి సముద్రానికి పోక తప్పలేదు. పడమటి మైదానం మోకాలిలోతు బురద అయింది. ఏనుగులు దిగబడ్డాయి, గుడారాల్లో జ్వరాలు పుట్టాయి. ఆకలికి లొంగుతుందనుకున్న కోటలో ఇంకా పొయ్యిల పొగ లేవడం చూసి, సింగభూపతి సైన్యాన్ని మరల్చుకుని వెళ్లిపోయాడు.

మాఘమాసంలో శంఖద్వీపం నుండి కొత్త రాయబారి వచ్చాడు. నెరిసిన గడ్డం, మృదువైన మాట. ఆ దీవిలో పెళ్లిళ్ల రోజులు దగ్గరపడ్డాయి, బట్ట లేదు. అతడు సభలో వినయంగా ఇలా అన్నాడు. "మహారాజా, జరిగినది పీడకల అనుకుందాం. వర్తకం మళ్లీ సాగాలి. మా ప్రభువులు ఒక్కటే కోరుతున్నారు. ఆ మునకవాళ్లను పంపితే శిక్ష ఉండదని మాట ఇస్తున్నారు. ఆ అలమి అనే ఆమె తిరిగి రావడానికి దేవరవారు అనుమతిస్తే..."

"ఆమె ఇక్కడే ఉంది" అన్నాడు ఎరమరాజు.

సభలో పల్లెకారుల పెద్దల పక్కన నిలబడిన అలమి రెండడుగులు ముందుకు వచ్చింది. "అయ్యా, మీ పాత రాయబారి ఈ సభలో నా గురించి చాలాసేపు మాట్లాడారట. మీరూ నా గురించే మాట్లాడుతున్నారు. నేను ఇక్కడున్నాను. నాతో మాట్లాడండి."

రాయబారి రాజు ముఖం చూశాడు. అక్కడ సహాయం దొరకలేదు. చివరకు ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి, "తిరిగి వస్తావా?" అని అడిగాడు.

"రాను. నా కూతురు మీ కోటలో ఉంది. మావాళ్ల బిడ్డలందరూ ఉన్నారు. వాళ్లను పంపండి."

"అది మా దేశపు..." అని రాయబారి మొదలుపెట్టాడు.

ఎరమరాజు చేయెత్తి ఆపాడు. "ఆమె చెప్పింది ఆమె కోరిక మాత్రమే కాదు, మా రాజ్యపు షరతు. పిల్లలు దిగిన తర్వాతే మా రేవులో మీ ఓడకు బట్ట ఎక్కుతుంది. ముట్టడిలో కూడా మగ్గాలు ఆగలేదు. బట్ట కొట్లలో నిండుగా ఉంది. చెదలు తిన్నా సరే, ముందు ఎక్కదు. ఇక కూర్చోండి, బియ్యం ధర మాట్లాడుకుందాం."

రాయబారి చాలాసేపు నిలబడే ఉన్నాడు. ఆ తర్వాత కూర్చున్నాడు.

బేరం దేవరమెట్టకు లాభంగా కుదరలేదు. ఆ ఏడు బట్ట చవకగా పోయింది, ఖజానా సన్నబడింది, సాలెవీధి మరో ఏడాది పలచని అంబలే తాగింది. అందుకు నగరంలో ఎవరూ రాజును నిందించలేదు. వైశాఖ మాసంలో శంఖద్వీపపు మొదటి ఓడ అలల అవతల లంగరు వేసింది. పడవలు దాని దగ్గరకు వెళ్లి తిరిగి వచ్చాయి. ఆ రోజు నావలపాలెం ఒడ్డున బియ్యం బస్తాల కంటే ముందు పిల్లలు దిగారు.